కంపెనీ రూపాయి: వెండి ధరా, కథ ధరా?

నంద్యాల: వెండి ధర ఎక్కినప్పుడల్లా పాత రూపాయలు పెట్టెలు దాటి బజారుకు వస్తాయి. 1835 నాటి నాల్గవ విలియం ముద్ర, 1840 నాటి విక్టోరియా రాణి ముద్ర గల ఈస్టిండియా కంపెనీ రూపాయలకు గిరాకీ వేరు. బరువు తులం, అనగా 11.66 గ్రాములు. పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. లెక్క ప్రకారం నికర వెండి 10.69 గ్రాములు. బేరం ఇంతకు దిగువకు పోరాదు.

ఆళ్లగడ్డ ప్రాంతంలో ఈ నాణేనికి చేదు జ్ఞాపకం కూడా కలదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ప్రభుత్వం ఆయనను అక్కడే ఉరితీసింది. అట్టి దొరతనపు నాణెం దాచుకోవడమేమిటని అడిగేవారిని తప్పు పట్టలేము. కాని కరిగిస్తే పోయేది కంపెనీ కాదు, దాని ఆనవాలు.

ఇక “ఇది ఆ ఖజానాలోనిదే” అని అమ్మజూపితే ఆ మాటకు అదనంగా పైసా కట్టనక్కరలేదు. 1840 తేదీతోనే తరువాత చాలా ఏళ్లు అచ్చువేశారు. ఉరి తరువాత అచ్చయిన రూపాయి మీదా అదే తేదీ!

చింతపండుతో తోమి తెస్తే సేకరణదారులు ధర తగ్గిస్తారు. భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు దాటితే, 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.