గోరుచుట్టు నెలల తరబడి తగ్గడం లేదా? ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

 

మొన్న ఒక చెల్లి ఫోటోతో పాటు మెసేజ్ పెట్టింది. "డాక్టర్ గారూ, మా అమ్మ టిఫిన్ బండి నడుపుతుంది. కుడి చేతి చూపుడు వేలికి గోరుచుట్టు లేచి అయిదు నెలలైంది. మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటే కాస్త తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చూపిస్తే చిన్న ఆపరేషన్ అన్నారు. గోరు పీకేస్తారని అమ్మ భయపడుతోంది. బండి ఆగితే ఇల్లు గడవదండీ." ఈరోజు ఎపిసోడ్ ఆ అమ్మ కోసమే.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. గోరుచుట్టు రెండు రకాలు. గోళ్ళు కొరికినప్పుడో, గోరు పక్కన లేచిన తోలు పీకినప్పుడో రెండు మూడు రోజుల్లో వేలు ఎర్రగా వాచి, సలుపుతూ చీము పడుతుంది చూడండి, అది మొదటి రకం. చీము తీసేసి, అవసరమైతే మందులు వాడితే సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఆరు వారాలు దాటినా ఉంటే అది రెండో రకం, దీర్ఘకాలిక గోరుచుట్టు. పేరు ఒకటే గానీ జబ్బు కథ వేరు.

గోరు మొదట్లో, చర్మానికీ గోరుకీ మధ్య సన్నటి పొర ఉంటుంది కదా, దాన్ని క్యూటికల్ అంటారు. అది కుక్కర్ గాస్కెట్ లాంటిది. నీళ్ళు లోపలికి పోకుండా సీల్ చేస్తుంది. రోజంతా నీళ్ళలో, సబ్బులో, పిండిలో చేతులు నానితే ఆ గాస్కెట్ పాడైపోతుంది. సందు ఏర్పడుతుంది. సబ్బు నీళ్ళు, పులుపు, కారం అన్నీ అందులోకి దిగుతాయి. చర్మం వాస్తుంది, వాస్తే సందు ఇంకా పెద్దదవుతుంది. ఆ తడి సందులో ఫంగస్, బ్యాక్టీరియా కాపురం పెడతాయి. కానీ చాలామందిలో అసలు దోషి అవి కాదు, తడి వల్ల వచ్చే ఆ రాపిడే. అందుకే యాంటీబయాటిక్ మాత్రలు ఎన్ని మింగినా ఇది పూర్తిగా పోదు.

మరి మొదట ఆపరేషనేనా? కాదు. మొదటి మందు పొడిగా ఉంచడం. రెండోది డాక్టర్ రాసిన వాపు తగ్గించే క్రీమ్, ఎక్కువగా స్టెరాయిడ్ క్రీమ్. సొంతంగా కొని రాయకండి. షుగర్ టెస్ట్ కూడా చేయించండి, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది త్వరగా లొంగదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా నెలల తరబడి తగ్గకపోతే, గోరు మొదట్లో చర్మం తాడులా లావెక్కి గట్టిపడిపోతే, అప్పుడు ఆపరేషన్.

ఇప్పుడు అమ్మ భయం దగ్గరికి వద్దాం. వేలి మొదట్లో ఇంజెక్షన్ ఇచ్చి వేలు మాత్రమే మొద్దుబారేలా చేస్తారు. ఆ సూది కాసేపు నొప్పి పెడుతుంది, అబద్ధం చెప్పను. తర్వాత కోత నొప్పి తెలియదు. గోరు మొదట్లో గట్టిపడిన చర్మం నుంచి నెలవంక ఆకారంలో, దాదాపు 3 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీసేస్తారు. దాని కింద గోరు పుట్టే చోటు ఉంటుంది, దానికి దెబ్బ తగలకుండా చూస్తారు. కుట్లు వేయరు. తెరిచే ఉంచి కట్టు కడతారు. సాధారణంగా 3 నుంచి 4 వారాల్లో కొత్త చర్మం దానంతట అదే వచ్చి మూసుకుంటుంది. దీని పేరు మార్సుపియలైజేషన్. కంగారూ పొట్ట సంచిని లాటిన్‌లో మార్సూపియం అంటారు, పేరు అక్కడిదే. 1976లో కీజర్, ఈటన్ అనే ఇద్దరు సర్జన్లు ఈ పద్ధతిని వివరించారు.

గోరు తీస్తారా? ప్రతిసారీ కాదు. గోరు వంకరగా, గాడులు పడి పాడైపోయి ఉంటే తీయొచ్చు. తీసినా పుట్టే చోటు బాగుంటే మళ్ళీ వస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే పూర్తిగా రావడానికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ.

ఇంకో పద్ధతిలో వాచిన మడత మొత్తం తీసేస్తారు. తర్వాత గోరు కొంచెం పొడవుగా కనిపిస్తుంది, అంతే. మరో పద్ధతిలో చర్మం తీయకుండా, చాప చుట్టినట్టు వెనక్కి మడిచి కొన్ని రోజులు కుట్టి ఉంచుతారు. ఏది ఎవరికి అనేది వేలు చూసిన డాక్టర్ చెప్పాలి.

ఒక ముఖ్యమైన మాట. ఒకే వేలికి నెలల తరబడి తగ్గకపోతే, అరుదుగా అది చర్మ క్యాన్సర్ కావొచ్చు. అందుకే అలాంటప్పుడు చిన్న ముక్క ల్యాబ్‌కి పంపిస్తారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, నిర్లక్ష్యం చేయొద్దని చెప్తున్నా.

ఇప్పుడు చేయకూడనివి. వేలికి నిమ్మకాయ తొడగడం ఆపండి, తెరుచుకున్న సందులో పులుపు పోస్తే అది గోరుచుట్టు మీద రోకటి పోటే. పిన్నుతో పొడవొద్దు. పార్లర్‌లో క్యూటికల్ కత్తిరించనివ్వొద్దు. వాపు చేతి పైకి పాకినా, జ్వరం వచ్చినా, వేలి కొన గట్టిగా బిగుసుకుపోయి విపరీతంగా నొప్పి పెట్టినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

చివరిగా చెల్లీ, ఆపరేషన్ పాడైన చర్మాన్ని తీస్తుంది, అలవాటును తీయదు. మానాక మళ్ళీ రోజంతా చేయి తడిలోనే ఉంటే గోరుచుట్టు తిరిగి వస్తుంది. లోపల కాటన్ గ్లౌజులు, పైన రబ్బరు గ్లౌజులు వేసుకోమను. లోపలి జత తడిస్తే మార్చేయాలి. బండి మూసేయక్కర్లేదు, కానీ ఆ నాలుగు వారాలు పిండి కలపడం, గిన్నెలు తోమడం అమ్మ చేయకూడదు. ఆ పని నువ్వూ, ఇంట్లో అన్నదమ్ములుంటే వాళ్ళూ పంచుకోండి. మందు ఖర్చు కంటే అమ్మకి ఇదే పెద్ద సాయం.

మీ ఇంట్లోనూ నీళ్ళలో చేతులు నానే వాళ్ళు ఉంటారు. ఈరోజు ఇంటికెళ్ళి ఒకసారి వాళ్ళ వేళ్ళు చూడండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.