బ్యాకప్ రోజూ నడుస్తోందా, నడుస్తోందని అనుకుంటున్నామా?

2017 జనవరి 31. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రి పొద్దుపోయేదాకా డేటాబేస్ సమస్యతో కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్‌లోని ఒక ఫోల్డర్ ఖాళీ చేయాలనుకున్నాడు. కానీ అప్పుడు అతను ఉన్నది అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు గ్రహించి ఆపేశాడు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో మిగిలింది 4.5 జీబీ.

సరే, బ్యాకప్ ఉంటుంది కదా? రోజూ దానంతట అదే జరిగేలా ఏర్పాటు ఉంది. తీరా తెరిచి చూస్తే అక్కడ ఒక్క ఫైలూ లేదు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్. దాని బ్యాకప్ తీసే పీజీ డంప్ ప్రోగ్రామ్ మాత్రం 9.2. రెండూ కుదరక అది తప్పు చూపించి ఆగిపోతోంది. ఆగిపోతే మెయిల్ వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. ఆ మెయిల్‌కు సరైన ధ్రువీకరణ లేదని అవతలి మెయిల్ సర్వర్ దాన్ని తిప్పికొట్టేసింది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసి పెట్టిన ఒక కాపీ వాళ్లను కాపాడింది. వెబ్‌సైట్ తిరిగి లేచేసరికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా బయటపెట్టింది, అది మెచ్చుకోవాల్సిన విషయం.

అంత పెద్ద కంపెనీకే ఇలా అయితే చిన్నవాళ్ల సంగతి? నిజామాబాద్‌లోనో కడపలోనో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్ అనుకోండి. రోగుల రిపోర్టులు, బిల్లులు, డాక్టర్ల లెక్కలు అన్నీ ఒక అద్దె సర్వర్ మీద ఉంటాయి. దాన్ని చూసుకునేది ఇంజినీరింగ్ చదివిన ఇంటి అబ్బాయో అమ్మాయో. వాళ్లకు హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం. మొదట్లో వారానికోసారి చేత్తో కాపీ తీస్తారు. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత రంజాన్ వస్తుంది, పెళ్లిళ్లు వస్తాయి, ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆ పని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికి అప్పగించాలి. ఇప్పుడు చాలామంది దాన్ని డాకర్ కంటైనర్లతో చేస్తున్నారు.

కంటైనర్ అంటే ఏమిటి? పెళ్లికి వచ్చే బావర్చీని గుర్తు చేసుకోండి. దేగ్‌లు, గరిటెలు, మసాలాలు అన్నీ తానే తెచ్చుకుంటాడు. మీ వంటగదిలో ఏముందో అతనికి అక్కర్లేదు. కంటైనర్ కూడా అంతే. ఒక ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన సరంజామా అంతా ఒకే పెట్టెలో కట్టుకుని వస్తుంది. ఏ సర్వర్ మీద దించినా అదే వంట, అదే రుచి. గిట్‌ల్యాబ్‌ను ముంచిన వెర్షన్ తేడాకు మందు ఇక్కడే ఉంది. డేటాబేస్ కంటైనర్ పోస్ట్‌గ్రెస్ 16 అయితే, బ్యాకప్ కంటైనర్‌ను కూడా అదే 16 ఇమేజ్ మీద కట్టాలి. 'లేటెస్ట్' అని వదిలేయకూడదు. వెర్షన్ నంబర్ రాసి పెట్టాలి, మార్చినప్పుడు రెండూ కలిపి మార్చాలి.

బావర్చీ వెళ్లేటప్పుడు తన దేగ్‌లన్నీ తీసుకెళ్లిపోతాడు. బిర్యానీ మీ గిన్నెల్లోకి మార్చుకోకపోతే అదీ పోతుంది. కంటైనర్‌ను తొలగిస్తే దాని లోపల రాసిన ఫైళ్లు కూడా పోతాయి. అందుకే డేటాను 'వాల్యూమ్' అనే బయటి గిన్నెలో ఉంచుతారు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. డాకర్ కంపోజ్ డౌన్ అన్న ఆదేశం కంటైనర్లను తీసేస్తుంది కానీ వాల్యూమ్‌లను ముట్టుకోదు. దాని చివర హైఫన్, వి అనే ఒక్క అక్షరం చేరిస్తే ఆ కంపోజ్ ఫైల్లో రాసుకున్న వాల్యూమ్‌లను కూడా తుడిచేస్తుంది. ఏదో శుభ్రం చేద్దామని ఆ అక్షరం కొట్టినవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

వాల్యూమ్‌లోని ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే చాలదా? డేటాబేస్ నడుస్తుండగా చేస్తే చాలదు. కాపీ సగంలో ఉండగానే కౌంటర్‌లో కొత్త బిల్లు పడుతుంది. సగం పాతది, సగం కొత్తది అయిన ఆ కాపీ తర్వాత తెరుచుకుంటుందన్న హామీ లేదు. పీజీ డంప్ అలా కాదు. మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే రాసిస్తుంది, కౌంటర్ పని ఆపక్కర్లేదు.

ఇక రోజూ రాత్రి 2 గంటలకు దాన్ని లేపే పని 'క్రాన్' చూసుకుంటుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మామూలుగా కంటైనర్ లోపల గడియారం గ్రీన్‌విచ్ లెక్కన, అంటే యూటీసీలో నడుస్తుంది. 2 గంటలు అని రాస్తే మన దగ్గర ఉదయం 7.30 అవుతుంది, సరిగ్గా షుగర్ పరీక్షకు పరగడుపున వచ్చినవాళ్లు వరుసలో ఉండే టైమ్. టైమ్ జోన్‌ను ఏషియా, కోల్‌కతా అని పెట్టాలి, లేదా యూటీసీలో 20.30 అని రాసుకోవాలి.

రెండోది ఇంకా చికాకు. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను కంటైనర్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇస్తారు. చేత్తో స్క్రిప్ట్ నడిపితే చక్కగా పనిచేస్తుంది, అందరూ హాయిగా పడుకుంటారు. కానీ డెబియన్ ఇమేజ్‌లలోని క్రాన్ ఆ వేరియబుల్స్‌ను తన పనులకు అందించదు. రాత్రి స్క్రిప్ట్ లేస్తుంది, పాస్‌వర్డ్ దొరకదు, లోపలికి వెళ్లలేదు.

మరి అప్పుడు ఫైల్ తయారవ్వదు కదా, తెలిసిపోతుంది కదా అనుకోవచ్చు. తయారవుతుంది! పీజీ డంప్ ఇచ్చినదాన్ని పైపు ద్వారా జీజిప్‌కు పంపి చిన్నది చేయడం మామూలు. పీజీ డంప్ ఏమీ ఇవ్వకపోయినా, జీజిప్ ఆ శూన్యాన్నే శ్రద్ధగా మడిచి 20 బైట్ల ఫైల్ ఒకటి పెడుతుంది. దాని మీద ఇవాళ్టి తారీఖు ఉంటుంది. చివర నడిచింది జీజిప్ కాబట్టి స్క్రిప్ట్ కూడా అంతా సవ్యం అనే అంటుంది. ఫోల్డర్ తెరిస్తే రోజుకొకటి చొప్పున ఫైళ్లు వరుసగా కనిపిస్తాయి, అన్నీ ఖాళీ. స్క్రిప్ట్ మొదట్లో 'పైప్‌ఫెయిల్' ఆన్ చేయడం, ఫైల్ సైజు నిన్నటి దానితో పోల్చి మరీ తగ్గితే ఆపేయడం అనే రెండు పనులు ఈ మోసాన్ని పట్టేస్తాయి.

తప్పు జరిగితే మెయిల్ పంపమని చెప్పడం కూడా సరిపోదని గిట్‌ల్యాబ్ సంగతే చెబుతోంది. దీన్ని తిరగేయాలి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు రోజూ రాత్రి ఫోన్ చేస్తాడు. ఏదైనా కష్టం వస్తే చేస్తాలే అని అమ్మ ఊరుకోదు, ఫోన్ రాని రోజే కంగారు పడుతుంది. హెల్త్‌చెక్స్ లాంటి సేవలు ఆ అమ్మలా పనిచేస్తాయి. బ్యాకప్ పూర్తయ్యాక స్క్రిప్ట్ చివరి వరుస దానికి ఒక చిన్న పలకరింపు పంపుతుంది. చెప్పిన టైమ్‌కు అది రాకపోతే మీ ఫోన్ మోగుతుంది. సర్వర్ మొత్తం పడిపోయినా సరే మోగుతుంది, ఎందుకంటే కాపలా ఉన్నది బయట.

బ్యాకప్ కూడా బయటే ఉండాలి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడిపోయింది. అసలు డేటా, బ్యాకప్ రెండూ అక్కడే ఉంచుకున్న కస్టమర్లకు ఏమీ మిగల్లేదు. డంప్ ఫైల్‌ను రెస్టిక్ అనే ఉచిత ప్రోగ్రామ్ తాళం వేసి వేరే ఊళ్లోని స్టోరేజీకి పంపగలదు. గత 7 రోజులవి, 4 వారాలవి, 6 నెలలవి ఉంచి మిగతావి తీసెయ్ అని దానికి చెప్పవచ్చు. అయితే ఆ తీసేసే హక్కు సర్వర్‌కే ఇస్తే, లోపలికి చొరబడ్డ దొంగకూ ఇచ్చినట్టే. ర్యాన్‌సమ్‌వేర్ వాళ్లు చాలాసార్లు ముందుగా వెతికేది బ్యాకప్‌లనే. సర్వర్‌కు కొత్తవి చేర్చే హక్కు మాత్రమే ఇచ్చి, పాతవి తొలగించే పని ఇంకో కంప్యూటర్ నుంచి చేసుకోవాలి. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ తాళం ఎవరూ తీయలేరు, తయారుచేసినవాళ్లు కూడా. దాన్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులు ఉండే బీరువాలో పెట్టాలి. సర్వర్‌లోనే రాసి పెట్టుకుంటే సర్వర్‌తో పాటే పోతుంది.

ఇంత చేశాక కూడా తెలిసింది బ్యాకప్ తీస్తున్నారని మాత్రమే. అది తిరిగి తెరుచుకుంటుందా? కంటైనర్లతో ఇది చవకైన పరీక్ష. వారానికోసారి ఖాళీ పోస్ట్‌గ్రెస్ కంటైనర్ ఒకటి లేపి, రాత్రి బ్యాకప్‌ను అందులోకి ఎక్కించి, చూసుకున్నాక కంటైనర్‌ను పారేయవచ్చు. చిన్న సెంటర్ డేటాకు కొన్ని నిమిషాల పని. ఎక్కించడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోవాలి. నిజంగా సర్వర్ పోయిన రోజు కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు చెప్పాల్సిన జవాబు అదే.

ఏం చూడాలంటే, పెద్ద లెక్కలేం అక్కర్లేదు. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి నిన్న రాత్రి షట్టర్ వేసేముందు కొట్టిన చివరి బిల్లు నంబర్ అడగాలి. ఆ నంబర్, ఆ పేషెంట్ పేరు, ఆ మొత్తం కొత్త కంటైనర్‌లో కనిపించాలి.