బూట్ మెనూలో విండోస్ కానీ ఉబుంటు కానీ కనిపించట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్‌లో డ్యూయల్ బూట్ గురించి మాట్లాడుకుందాం. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ వేసుకున్న వాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రాబ్లమ్ వస్తుంది. ఒకరోజు ఆన్ చేస్తే డైరెక్ట్‌గా విండోస్‌లోకి వెళ్లిపోతుంది, ఉబుంటు జాడే ఉండదు. లేదంటే ఉబుంటు వస్తుంది, లిస్ట్‌లో విండోస్ ఉండదు. వెంటనే ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టేయ్ రా, మళ్లీ వేసుకుందాం" అంటారు. దయచేసి ఆ పని చేయకండి. మీ ప్రాజెక్ట్ ఫైల్స్, ఫోటోలు దాదాపు ఎప్పుడూ డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి. వాటిని పోగొట్టేది ఫార్మాటే.

ఎందుకు అలా అంటున్నానో చెప్తాను. బస్టాండ్‌లో ప్లాట్‌ఫామ్ బోర్డు మీద విజయవాడ అనే పేరు చెరిగిపోయిందనుకోండి, విజయవాడ బస్సు లేకుండా పోయినట్టా? కాదు కదా. బూట్ మెనూ కూడా బోర్డు లాంటిదే. పేరు పోతే పేరు మళ్లీ రాసుకోవాలి, అంతే.

ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు విషయం ఏంటంటే, మన కంప్యూటర్‌లో ఇలాంటి బోర్డులు రెండున్నాయి. మొదటిది మదర్‌బోర్డు మెమరీలో ఉండే లిస్ట్. మనం బయోస్ అంటాం కానీ, ఇప్పటి సిస్టమ్స్‌లో దాని పేరు యూఈఎఫ్ఐ. ఆన్ చేయగానే ఏది ముందు స్టార్ట్ అవ్వాలో అది చెప్తుంది. రెండోది గ్రబ్. ఉబుంటుతో పాటు వచ్చే మెనూ ఇది, ఉబుంటు, విండోస్ అని పేర్లు చూపించేది ఇదే. ఏ బోర్డులో పేరు పోయిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

మొదలుపెట్టే ముందు ఒక్క జాగ్రత్త. చాలా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో సెట్టింగ్స్ మారిస్తే బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. అది 48 అంకెల నంబర్, మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ముందు అది చూసి పేపర్ మీద రాసి పెట్టుకోండి. ఆ కీ లేకపోతే మాత్రం విండోస్ డేటా నిజంగానే చేజారిపోవచ్చు.

మొదటి కేసు: గ్రబ్ మెనూ రాకుండా డైరెక్ట్‌గా విండోస్ వస్తోంది. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత గానీ, బయోస్ అప్‌డేట్ తర్వాత గానీ ఇలా అవుతుంటుంది. పోయింది మొదటి బోర్డులో వరుస. ముందు టెస్ట్ చేద్దాం. విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ మీద క్లిక్ చేయండి. నీలం రంగు స్క్రీన్ వస్తుంది. అందులో 'యూజ్ ఎ డివైస్' ఉంటే దాన్ని నొక్కి, ఉబుంటు పేరుందేమో చూడండి. ఉంటే సెలెక్ట్ చేయండి, ఉబుంటు వచ్చేస్తుంది. అంటే అన్నీ బాగానే ఉన్నాయి, వరుస మాత్రమే మారిందన్నమాట. బయోస్‌లోకి వెళ్లి, బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని విండోస్ బూట్ మేనేజర్ కన్నా పైకి జరిపి సేవ్ చేయండి. బయోస్‌లోకి వెళ్లే కీ కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్ ఇలా మారుతుంది.

అక్కడ ఉబుంటు పేరే లేకపోతే? కొన్ని బయోస్‌లలో 'యాడ్ బూట్ ఆప్షన్' అని ఉంటుంది. దాంట్లో ఈఎఫ్ఐ ఫోల్డర్, లోపల ఉబుంటు ఫోల్డర్, అందులో 'షిమ్ ఎక్స్ 64 డాట్ ఈఎఫ్ఐ' అనే ఫైల్ చూపిస్తే పేరు మళ్లీ చేరుతుంది. ఆ ఆప్షన్ లేని వాళ్లు ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లైవ్‌గా బూట్ అయ్యి, బూట్ రిపేర్ అనే ఫ్రీ టూల్ వేసుకుని 'రికమెండెడ్ రిపేర్' నొక్కండి. పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ మోడ్‌లోనే బూట్ చేయాలి. 'ట్రై ఉబుంటు' మాత్రమే సెలెక్ట్ చేయండి, ఇన్‌స్టాల్ జోలికి వెళ్లొద్దు.

రెండో కేసు: గ్రబ్ వస్తోంది కానీ అందులో విండోస్ లేదు. ఇది రెండో బోర్డు సమస్య. వేరే ఆపరేటింగ్ సిస్టమ్స్‌ని వెతికి లిస్ట్‌లో పెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది, పేరు ఓఎస్ ప్రోబర్. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి సెక్యూరిటీ కోసం దాన్ని డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారు. మనమే ఆన్ చేసుకోవాలి.

ఉబుంటులో టెర్మినల్ ఓపెన్ చేయండి. 'సుడో నానో', స్పేస్, తర్వాత 'స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్' అని కొట్టండి. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ. అన్నీ చిన్న అక్షరాలే. ఫైల్ ఓపెన్ అయ్యాక 'గ్రబ్ డిసేబుల్ ఓఎస్ ప్రోబర్' అనే లైన్ వెతకండి. పదాల మధ్య అండర్‌స్కోర్లు ఉంటాయి, అన్నీ క్యాపిటల్ లెటర్స్. దాని ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేయండి. ఈక్వల్స్ తర్వాత చిన్న అక్షరాల్లో 'ఫాల్స్' అని ఉండాలి. లైనే లేకపోతే చివర్లో మీరే రాయండి. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. సేవ్ అయ్యి బయటికి వచ్చేస్తారు.

ఇప్పుడు 'సుడో అప్‌డేట్ హైఫన్ గ్రబ్' అని కొట్టండి. 'ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్' అని ఒక లైన్ కనిపిస్తే పని అయిపోయింది, రీస్టార్ట్ చేసేయండి. కనిపించకపోతే ఓఎస్ ప్రోబర్ ఇన్‌స్టాల్ అయి ఉందో లేదో చూడండి. అది కూడా ఉంటే, విండోస్‌ని పాత లెగసీ మోడ్‌లో, ఉబుంటుని యూఈఎఫ్ఐ మోడ్‌లో వేశారేమో చెక్ చేయండి. రెండూ ఒకే మోడ్‌లో ఉంటేనే ఒక మెనూలో కలిసి పనిచేస్తాయి.

మూడో కేసు: ఉబుంటు వద్దనుకుని విండోస్ నుంచి దాని పార్టిషన్ డిలీట్ చేశారు. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అని మాత్రమే వచ్చి ఆగిపోతోంది. భయపడకండి. గ్రబ్ స్టార్ట్ అయ్యింది కానీ దాని మెనూ ఫైల్ డిలీట్ చేసిన పార్టిషన్‌తో పాటే పోయింది. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైన పెట్టండి, విండోస్ మామూలుగా వచ్చేస్తుంది. లిస్ట్‌లో ఉబుంటు అనే పాత పేరు మిగిలిపోయినా నష్టమేమీ లేదు, అలా వదిలేయొచ్చు.

చివరిగా, చేయకూడనివి మూడు. 100 ఎంబీ నుంచి కొన్ని వందల ఎంబీ దాకా సైజులో, ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని ఒకటి కనిపిస్తుంది. చిన్నదే కదా, పనికిరాదని డిలీట్ చేయొద్దు. రెండు సిస్టమ్స్ స్టార్ట్ అవ్వడానికి కావాల్సిన ఫైల్స్ అందులోనే ఉంటాయి. రెండు, 'గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ' ఫైల్‌ని చేత్తో ఎడిట్ చేయొద్దు, తర్వాతి అప్‌డేట్‌లో మీరు రాసిందంతా చెరిగిపోతుంది. మూడు, పేరు కనిపించలేదని ఇన్‌స్టాలర్‌లో 'ఎరేజ్ డిస్క్' నొక్కొద్దు. దాని తర్వాత మెనూ బాగానే వస్తుంది, మీ ఫైల్సే ఉండవు.

రిపేర్ షాప్‌కి తీసుకెళ్లాల్సి వచ్చినా సరే, "అన్నా, ఫార్మాట్ వద్దు, బూట్ ఎంట్రీ మాత్రం సరిచెయ్" అని ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో నాలుగేళ్ల డేటా మిగులుతుంది. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.