మృత్యు మార్గంలో సైకిల్ సవారీ: బయలుదేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు

దక్షిణ అమెరికాలోని బొలీవియాలో, లా పాజ్ నగరం నుంచి కొరోయికో వైపు దిగే ఒక పాత కొండదారి ఉంది. అసలు పేరు ఉత్తర యుంగాస్ రోడ్డు. లోకానికి తెలిసిన పేరు 'మృత్యు మార్గం'. విదేశాల్లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవుల్లో ఇలాంటి చోట్లకు సైకిల్ తొక్కడానికి వెళ్తున్నారు. "వద్దు" అని ఫోన్ పెట్టేస్తే వాళ్ళు చెప్పకుండా వెళ్తారు. ప్రమాదం ఎక్కడుందో మనకు తెలిస్తే, సరైన ప్రశ్నలు అడగగలం.

బొలీవియా, పరాగ్వేల మధ్య 1932-35లో జరిగిన చాకో యుద్ధంలో పట్టుబడిన పరాగ్వే ఖైదీలు ఈ దారి నిర్మాణంలో పనిచేశారు. చాలాచోట్ల వెడల్పు 3 మీటర్లకు మించదు. ఒకవైపు కొండ, మరోవైపు వందల మీటర్ల లోయ. 1983లో ఒక బస్సు లోయలో పడి వందమందికి పైగా చనిపోయారు. 1995లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు దీన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రోడ్డుగా పేర్కొంది. 2006లో కొత్త రహదారి రావడంతో బస్సులు, లారీలు చాలావరకు అటు మళ్ళాయి. పాత దారి సైకిళ్ళకు మిగిలింది.

అయితే ప్రమాదం పోలేదు, రూపు మార్చుకుంది. ఒకప్పుడు భయం ఎదురొచ్చే లారీది. ఇప్పుడు ఎక్కువ భయం సొంత వేగానిదే. సుమారు 4,650 మీటర్ల ఎత్తున ఉన్న లా కుంబ్రే దగ్గర మొదలై, 1,200 మీటర్ల దాకా దిగాలి. దూరం 60 కిలోమీటర్ల పైచిలుకు. మొదట తారురోడ్డు, తర్వాత రాళ్ళూ మట్టీ. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే మలుపులోకి వచ్చాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి ఎగిరి ముందుకు పడతాడు. వెనక చక్రం బిగుసుకుపోతే సైకిల్ జారుతుంది. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా వాడాలి.

ఇంకో విశేషం. బొలీవియాలో వాహనాలు కుడివైపు నడుస్తాయి, ఈ దారిలో మాత్రం ఎడమవైపు. అక్కడి వాహనాల్లో డ్రైవరు ఎడమ సీట్లో కూర్చుంటాడు కనుక, కిందికి దిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే లోయ అంచున తన చక్రం కనిపిస్తుంది. ఆ నియమానికి కారణం అదే. ఎడమన నడవడం మనకు అలవాటే. కానీ ఇక్కడ దిగేవాళ్ళకు ఎడమపక్కనే లోయ ఉంటుంది.

ఇక అడగాల్సిన ప్రశ్నలు నాలుగు:

1. ఎత్తుకు శరీరం అలవాటు పడిందా? లా పాజ్ నగరమే సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. చేరిన మర్నాడే బయలుదేరకూడదు. తలనొప్పి, వికారం ఉంటే ఆగిపోవాలి.

2. సైకిల్ బ్రేకులు స్వయంగా పరీక్షించుకున్నావా? ముఖం కూడా కప్పే హెల్మెట్, చేతికి గ్లవుజులు ఇస్తున్నారా?

3. గుంపుకు ముందొకరు, వెనకొకరు గైడ్లు ఉన్నారా? వెంట వాహనం వస్తుందా?

4. ట్రావెల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి, లేదా అదనపు ప్రీమియం అడుగుతాయి. కొన్నింటిలో ఎత్తుకూ పరిమితి ఉంటుంది. కొండల్లోంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు పాలసీలో ఉందో లేదో చూడాలి. బ్రోచర్ కాదు, 'మినహాయింపులు' అన్న పేజీ చదవాలి.

నాలుగింటిలో ఏ ఒక్కదానికి జవాబు తేలకపోయినా కొత్త రహదారి ఉంది. బస్సెక్కినా కొరోయికో చేరుకోవచ్చు.