సెలైను బొట్టుకు వెలుగు కాపలా

జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని, సిరిసిల్లలోగాని ఆసుపత్రి మంచము ప్రక్కన కూర్చుండి, రాత్రంతయు సెలైను సీసావంకనే చూచిన వారు మనలో ఎందరో కలరు. ఆ కాపలా నిష్కారణము కాదు. సీసా ఖాళీయైనచో గొట్టములోనికి రక్తము ఎదురెక్కవచ్చును. బొట్లు మితిమీరి పడినచో పసిపిల్లలకును, గుండెజబ్బు గలవారికిని ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసము కలుగవచ్చును.

1832లో స్కాట్లండు వైద్యుడు థామస్ లట్టా కలరా రోగుల సిరలలోనికి ఉప్పునీటిని ఎక్కించెను. నాటినుండి చికిత్స ఎంతో మెరుగైనను, కాపలా మాత్రము పెక్కుచోట్ల మనిషి కంటిదే. 20 బొట్లు ఒక మిల్లీలీటరగు గొట్టముతో 500 మిల్లీలీటర్ల సీసా 4 గంటలలో ఎక్కవలెనన్న, నిమిషమునకు సుమారు 42 బొట్లు పడవలెను. మొత్తము 10,000 బొట్లు! ఏ కన్ను లెక్కింపగలదు?

ఇచట కాంతి సెన్సరు తోడ్పడును. బొట్లు పడు పారదర్శకపు బుడ్డికి ఒకవైపున కంటికి కానరాని పరారుణ కాంతి దీపమును, ఎదుట దానిని గ్రహించు సాధనమును అమర్తురు. ప్రతి బొట్టును ఆ వెలుగునకు క్షణకాలము అడ్డుపడును, యంత్రము లెక్కించును. బొట్ల నడుమ ఎడము హెచ్చినను, తగ్గినను గంట మ్రోగును. పోగు తెగినంతనే సిరిసిల్ల నేతగాడు మగ్గము నాపినట్లు, నర్సు వచ్చి సరిచేయును.

అయితే సూది సిరను తప్పి చేయి వాచినను బొట్లు పడుచునే ఉండవచ్చును. ఆ వాపు ఈ వెలుగునకు తెలియదు. కావున వాపుగాని, నొప్పిగాని, ఆయాసముగాని కనిపించిన వెంటనే నర్సును పిలువుడు. త్వరగా ముగియునని గొట్టముపైనున్న చక్రమును మాత్రము మీరు త్రిప్పవలదని మా మనవి.