చవుడు నేలలో ప్రత్తి మొక్క

సంధ్యవేళ దేవుని యెదుట మనము వెలిగించు దీపమునకు వత్తి ప్రత్తితో చేసినదే. ప్రమిద అడుగుననున్న నూనె ఆ వత్తిగుండ పైకెక్కి కొనయందు వెలుగుచుండును. చవుడు నేల యెట్లు పుట్టునో తెలిసికొనుటకు ఈ దీపమే మంచి దృష్టాంతము. నేలలోని సన్నని రంధ్రములు వత్తివంటివి. లోతున నున్న నీరు వానిగుండ పైకెక్కును. ఎండకు నీరు ఆవిరియైపోవును గాని, అందు కరగియున్న ఉప్పు మాత్రము మట్టిపైననే నిలిచిపోవును. ఏటేట ఇట్లు జరిగినచో పొలమునకు సున్నము చల్లినట్లు తెల్లని పొర కనబడును. తెలుగునాట రైతులు దీనిని పాలచవుడు అందురు.

చెఱకు తోటల నడుమ పెరిగిన మనకు ప్రత్తి గొడవ యెందులకని చదువరులు అడుగవచ్చును. ఉప్పు నేలలో ఏ పైరు ఎంతవరకు నిలుచునో మాస్, హాఫ్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1977లో ఒక పట్టికగా ప్రకటించిరి. మట్టినుండి తీసిన నీటిలో విద్యుత్తు ఎంత సులభముగా ప్రవహించునో చూచి ఉప్పును కొలుతురు. ఆ కొలతకు డెసీసీమెన్సు అని పేరు. ఆ లెక్క 4 దాటిన నేలను చవుడు నేలగా ఎంచుట వాడుక. ప్రత్తికి 7.7 వరకు దిగుబడి తగ్గదు. వరికి హద్దు 3. మన చెఱకునకు హద్దు 1.7 మాత్రమే. అనగా ప్రత్తి యింకను పచ్చగా నిలిచియున్న నేలలో చెఱకు అప్పటికే నష్టపడుచుండును. ఇంత ఓర్పు ప్రత్తికి ఎట్లు కలిగినదో తెలిసికొనుట మనకును పనికివచ్చును.

ఉప్పు మొక్కను రెండు విధములుగా బాధించును. మొదటిది దాహము. ఊరగాయ పెట్టునప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించినచో ముక్కలలోని నీరు బయటికి ఊరుట మన యిండ్లలో అందరెఱిగినదే. చవుడు నేలలో వేరునకు అట్టి అవస్థయే కలుగును. చుట్టును తడి యున్నను వేరు నీటిని లోనికి తీసికొనలేదు. రెండవది విషము. ఉప్పులోని సోడియము లోపల ప్రవేశించి, మొక్కకు ప్రాణాధారమైన పొటాసియము చేయవలసిన పనులకు అడ్డుపడును. ఆకుల అంచులు మాడును, కాయలు రాలును.

దీనికి ప్రత్తి మొక్క చేయు ప్రతిక్రియ మూడు అంచెలుగా నుండును. మొదట వేరు తన వాకిటనే సోడియమును సాధ్యమైనంతవరకు ఆపి, లోనికి వచ్చిన దానిలో కొంత తిరిగి వెలుపలికి నెట్టును. రెండవది, తప్పించుకొని ఆకులవరకు చేరిన సోడియమును ప్రతి కణములోను రిక్తిక యను సంచిలో బంధించి, తక్కిన భాగమునకు హాని కలుగనీయదు. మూడవది, ప్రోలీను, గ్లైసీన్ బీటెయిను అను పదార్థములను తానే తయారుచేసికొని, వాని బలముచే నీటిని లోపల నిలుపుకొనును. అయితే ఈ పనులన్నిటికి శక్తి వ్యయమగును. కాయకు పోవలసిన బలము కాపలాకు పోవును. కనుకనే 7.7 దాటిన పిమ్మట ఒక్కొక్క డెసీసీమెన్సునకు దిగుబడి నూటికి 5 వంతులకు పైగా తగ్గును. ప్రత్తి బ్రతికియుండుట వేఱు, నిండుగా కాయుట వేఱు.

మఱియొక సంగతి కలదు. పెద్ద మొక్కకున్న ఓర్పు పసిమొలకకు లేదు. గింజ మొలచు దినములే గండము. అందుచేత తెలివిగల రైతు విత్తుటకు ముందే పొలమునకు నిండుగా నీరు పెట్టి, ఉప్పును వేరు అందని లోతునకు కడిగివేయును. బోదెలు తోలినచోట ఉప్పు బోదె నెత్తిమీద కూడును గావున, గింజను నెత్తిపై గాక ప్రక్కవాలున విత్తును. గింజలను ముందుగా నానబెట్టుటయు, కొంచెము ఎక్కువ విత్తనము వేయుటయు మేలు చేయును. సోడియము మట్టిని బిగియగట్టిన కారుచవుడు నేలకైతే జిప్సము వేసి, పిదప నీటితో కడుగవలెను.

మొక్కయొక్క ఓర్పును పెంచు ప్రయత్నములును జరుగుచున్నవి. హవాయి ద్వీపముల పొడి తీరములందు మఓ అను అడవి ప్రత్తి స్వయముగా పెరుగుచున్నది. దాని పింజె పొట్టిది, గోధుమరంగుది. నూలు వడకుటకు పనికిరాదు. అయినను ఉప్పుగాలికి అలవాటుపడిన జాతి. సాగుచేయు ప్రత్తితో దానిని సంకరము చేయవచ్చును గనుక శాస్త్రజ్ఞులు దానిలో మంచి గుణములను వెదకుచున్నారు. 2005లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున మఱియొక మార్గమును చూపిరి. ఆవాల కుటుంబమునకు చెందిన అరబిడాప్సిస్ అను చిన్నమొక్కనుండి, సోడియమును రిక్తికలోనికి నెట్టు జన్యువును తీసి ప్రత్తిలో ప్రవేశపెట్టిరి. గాజుటింట ఉప్పునీరు పోసినను ఆ మొక్కలు మేలుగా పెరిగినవి. పొలమునందును దూది దిగుబడి హెచ్చినది. అయినను ఓర్పు ఒక్క జన్యువుచే నడుచునది కాదు. అనేక జన్యువులు కలిసి చేయు కార్యమది.

మొక్క ఓర్పునే నమ్ముకొని నేలను మఱచినచో ఏమగునో మధ్య ఆసియాలోని అరల్ సముద్రము తెలుపుచున్నది. 1960 నాటికి అది ప్రపంచములో నాల్గవ పెద్ద సరస్సు. దానిని నింపు అము దరియా, సిర్ దరియా నదుల నీటిని సోవియట్ కాలమున ప్రత్తి పొలములకు మళ్లించిరి. నీరు మితిమీరి పారినది. మురుగు పోవు దారి చాలలేదు. భూమిలోని నీటిమట్టము పైకి వచ్చి, వత్తిలో నూనె యెక్కినట్లు ఉప్పు పైకెక్కినది. సరస్సు ఎండినది. ఒకప్పుడు రేవుపట్టణమైన మొయినాక్ చెంత ఓడలు ఇసుకలో తుప్పుపట్టినవి. ఎండిన అడుగునుండి ఉప్పుధూళి లేచి పొలములపైనను, జనులపైనను పడుచున్నది. 2005లో కోక్ అరల్ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఉత్తర భాగమునకు కొంత నీరు చేరి చేపలు తిరిగి వచ్చినవి. దక్షిణమున తూర్పు భాగము 2014లో పూర్తిగా ఎండిపోయెను. అక్కడి రైతులు ఏటేట విత్తుటకు ముందు పొలములను నీటితో కడిగి, ఆ పిమ్మటనే ప్రత్తి వేయవలసి వచ్చుచున్నది.

ప్రత్తివంటి ఓర్పుగల పైరుకే ఆ గతి పట్టినప్పుడు 1.7 కే బెదరు చెఱకు మాట చెప్పనేల? సముద్రము చుట్టునున్న మన నేలలలో తీరపు బావినీరు ఉప్పగిలినచో దానిని పొలమునకు పెట్టకముందే పరీక్ష చేయింపవలెను. మురుగు కాలువలను పూడనీయరాదు. మట్టిపై తెల్లని పొర కనబడిన నాడే మేలుకొనవలెను. నేటి సాయంకాలము దీపమునకు వత్తి వేయునప్పుడు, నూనె ఎట్లు పైకెక్కుచున్నదో పిల్లలకు చూపి ఈ సంగతి చెప్పుడు. రేపు ఆ పొలములను కాపాడవలసినవారు వారే గదా.