సూది పిరుదుకు, భయం గుండెకు

ఆడికృత్తికకు తిరువళ్లూరు నుంచి రైల్లో తిరుత్తణి వెళ్లి, కావడి భుజానికెత్తుకుని 365 మెట్లు ఎక్కి దిగిన భక్తుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఒళ్లునొప్పులకు పిరుదు మీద డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నాడు. మర్నాడు ఛాతీ పట్టేసినట్టుంటే రక్తపరీక్ష చేయించాడు. రెండువందల లోపు ఉండాల్సిన సి.పి.కె. ఆరువందలుంది. ఇంటిల్లిపాదీ గుండెపోటనే అనుకుంటారు. కానీ ఆ అంకె ఒక్కదాన్నే పట్టుకుని గుండె సంగతి తేల్చలేం. సి.పి.కె. కండరకణాలకు శక్తి సమకూర్చే ఎంజైము. కణం పొర చిరిగితే రక్తంలోకి కారుతుంది. గుండె కండరమైనా, పిరుదు కండరమైనా కారేది అదే. సూదిమొన చేసే గాయం స్వల్పమే, అసలు దెబ్బ మందుది. డైక్లోఫెనాక్, డయాజెపామ్, క్లోర్‌ప్రోమజీన్ లాంటి ద్రావణాలు పడినచోట చుట్టూ ఉన్న కొన్ని కణాలు చచ్చిపోతాయి. ఆ కాస్తకే ఇంత అంకా అని అడగవచ్చు. ఒక్క గ్రాము కండరంలో ఉన్న ఎంజైము, ఒంట్లోని మూడు లీటర్ల ప్లాస్మాలో మామూలుగా తిరిగే మొత్తం కన్నా ఎక్కువ మరి! సూది వల్ల పెరిగింది సుమారు ఒక రోజుకు శిఖరం చేరి, మళ్లీ సూది పడకపోతే రెండుమూడు రోజుల్లో దిగుతుంది. పైగా మెట్ల పాపం కూడా ఉంది. ఆయాసం ఎక్కేటప్పుడే అయినా, తొడకండరాల పోగులు ఎక్కువగా దెబ్బతినేది దిగేటప్పుడు, బరువును ఆపుతూ సాగినప్పుడు.

అలాగని అంతా సూది మీదికి నెట్టేస్తే నిజమైన గుండెపోటు తప్పిపోదా? ఈ ఆక్షేపణ సరైనదే. అందుకే ఛాతీనొప్పికి ఇ.సి.జి., ట్రోపోనిన్ పరీక్షలు వెంటనే చేయాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీను ట్రోపోనిన్. పిరుదుకు వేసిన సూది గుండె ట్రోపోనిన్‌ను పెంచదు. గుండెలో ఎక్కువగా ఉండే ఎం.బి. రకం సి.పి.కె.ను కొలిచినా కొంత తెలుస్తుంది గానీ, మామూలు కండరంలోనూ అది కాస్త ఉంటుంది కాబట్టి పూర్తిగా నమ్మలేం. గుండెపోటు అనుమానం ఉన్నప్పుడు కండరానికి సూది వేయకపోవడమే మేలు. అంకెలు కలగాపులగం కావడం ఒకటి. రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సివస్తే సూది పడినచోట రక్తస్రావమయ్యే ముప్పు ఇంకొకటి, ఇదే పెద్దది. పరీక్షకు రక్తమిచ్చేటప్పుడు ఏం తిన్నామో చెప్పినట్టే, ఎప్పుడు ఏ సూది వేయించుకున్నామో కూడా చెప్పాలి. చెప్పకపోతే, కండరం దెబ్బతిన్నా కాస్త పెరిగే ఎస్.జి.ఓ.టి. ఎంజైమును చూసి కాలేయాన్ని అనవసరంగా అనుమానించాల్సి వస్తుంది. అయితే సి.పి.కె. వేలల్లోకి పోయి, మూత్రం డికాషన్ రంగుకు తిరిగితే మాత్రం సూదిని నిందించి ఊరుకోకూడదు. మూత్రపిండాల పరీక్ష ఆ రోజే జరగాలి.